గుండెలో గడ్డ, గల్లీ నిండా గోలీలు

బేగంబజార్‌లో మా గల్లీలో ఏ దుకాణం చూసినా గల్లా పక్కన ఒక గోలీల డబ్బా ఉండేది. పాత బిస్కెట్ డబ్బానో, ఖాళీ మిఠాయి డబ్బానో. అందులో తలనొప్పికి, జ్వరానికి, కడుపుమంటకు, పంటినొప్పికి రకరకాల గోలీలు. అన్నీ పట్టీలోంచి కత్తెరతో కత్తిరించిన ముక్కలే, ఏ ముక్క మీదా పూర్తి పేరు ఉండేది కాదు. ఎవరింట్లోనైనా జ్వరం తగ్గి గోలీలు మిగిలితే పారేయడానికి మాకు చేతులు వచ్చేవి కావు. వ్యాపారం చేసేవాళ్లం, మిగిలిన మాల్ పారేస్తామా? తెచ్చి డబ్బాలో వేసేవాళ్లం. పక్క దుకాణంవాళ్లు దగ్గారంటే చాయ్‌తో పాటు ఒక గోలీ పంపడం మా దగ్గర మర్యాద. వద్దంటే నొచ్చుకునేవాళ్లు.

ఆ మర్యాదే పోయిన ఏడు నా ప్రాణాల మీదికి తెచ్చింది. ఇప్పుడు ఛాతీ మీద కుట్లు ఆరిపోయాయి, మెట్లు ఎక్కగలుగుతున్నాను, మా అత్తమ్మ నన్ను మళ్లీ మునుపటిలా తిట్టడం మొదలుపెట్టింది. అంటే నేను కోలుకున్నట్టే లెక్క. అందుకే కూర్చుని రాస్తున్నాను. సగం నా మనసు కుదుటపడడానికి, సగం మీరు ఈ పొరపాటు చేయకుండా ఉండడానికి.

నా పేరు పద్మ. యాభైకి దగ్గరపడ్డాను. మాది పూజా సామగ్రి హోల్‌సేల్ దుకాణం. పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు, అగరుబత్తీలు. దుకాణంలో కూర్చునేది నేనూ, మా ఆయన వెంకటేశం. లెక్కలు ఆయనవి, నోరు నాది. రోజంతా బేరం ఆడేది నేనే కాబట్టి ఆయనకు మాట్లాడే అవసరం పెద్దగా పడదు. ఇల్లు సంతోష్‌నగర్‌లో. ఇంట్లో మా ఇద్దరితో పాటు అత్తమ్మ. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి ఇంతే, మళ్లీ ఎత్తను.

ఆషాఢం

పాతబస్తీలో బోనాల డప్పులు మోగుతున్న రోజుల్లో నాకు జ్వరం మొదలైంది. పొద్దున బాగానే ఉండేదాన్ని. దీపాలు పెట్టే వేళకు వణుకు పుట్టి ఒళ్లు కాలిపోయేది. రాబోయేది శ్రావణం. శ్రావణం నుంచి దీపావళి దాకా మా గిరాకీ అంతా. వ్యవసాయదారుడికి వాన ఎంతో మాకు శ్రావణం అంత. ఆ టైములో జబ్బు పడితే ఎట్లా అని దుకాణంలోనే శాలువా కప్పుకుని కూర్చున్నాను.

మా పక్క దుకాణం ఖలీల్ భాయ్‌ది. ఖర్జూరం, బాదం, కిస్మిస్ అమ్ముతాడు. ఇల్లు బార్కస్‌లో. మా పెళ్లి కాకముందు నుంచే మా ఆయనకు దోస్తు. నా శాలువా చూసి చాయ్ గ్లాసుతో వచ్చాడు.

"ఏంది భాభీ, ముఖం గిట్ల గుంజుకపోయింది? ఏక్ గోలీ లేలో. శాం వరకు బుఖార్ గాయబ్."

తెల్ల గోలీ. వేసుకున్నాను. నిజంగానే సాయంత్రానికి జ్వరం గాయబ్ అయింది. మర్నాడు ఇంకొకటి వేసుకుని, బాగానే ఉంది కదా అని ఆపేశాను. నాలుగు రోజులకు జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి ఎదురుగా స్టీలు సామాన్లు అమ్మే సత్తన్న రంగంలోకి దిగాడు.

"చెల్లె, గా ఖర్జూరపాయన ఇచ్చింది దేనికి పనికొస్తది? నా దగ్గర పవర్ ఎక్కువది ఉన్నది. మా పిల్లకు గొంతు వాస్తే డాక్టరే రాసిండు. రెండేస్కో, మూడోది అవసరమే పడది."

అది పసుపుపచ్చ గొట్టం గోలీ. మళ్లీ తగ్గింది. మళ్లీ ఆపాను. మళ్లీ వచ్చింది. ఆ తర్వాత మా డబ్బాలోంచే ఒక గులాబీ రంగుది తీసి వేసుకున్నాను. అది ఎవరిదో, ఎందుకు వచ్చిందో మా ఇద్దరికీ గుర్తులేదు. రంగు బాగుందని వేసుకున్నాననుకుంటాను.

శ్రావణం

జాకెట్లు వదులయ్యాయి. మెడలో ఎముకలు తేలాయి. వరలక్ష్మీ వ్రతం సామాన్లకు వచ్చిన ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఒకటే అడగడం.

"అక్కా, మస్తు సన్నవడ్డవ్! ఏం తింటున్నవ్, మాకు గూడ చెప్పరాదూ?"

"ఏం తింటలేను, గదే మందు," అని గొప్పగా చెప్పేదాన్ని. ఎన్నేళ్లుగానో తగ్గని ఒళ్లు తగ్గింది, ఎవరు మాత్రం బాధపడతారు?

కానీ గోదాం మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. వంగి పెట్టె తీస్తే కళ్లు తిరిగేవి. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఊపిరి అందేది కాదు. ఉంగరం వేలి కొసన కందిగింజంత ఎర్రమచ్చ లేచింది. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. వత్తుల దారం కోసుకుని ఉంటుందిలే అనుకుని పసుపు అద్దుకున్నాను. పసుపు మా ఇంటి సరుకే కదా, దేనికైనా అద్దుతాం.

ఇంటి దగ్గరి డాక్టరు టైఫాయిడ్ కావచ్చని మందులిచ్చాడు. తగ్గింది, తిరిగొచ్చింది. సత్తన్న ఇది కర్పూరం ఘాటు అన్నాడు. ఖలీల్ భాయ్ నిద్ర లేక అన్నాడు. ఒకావిడ నా వయసు చూసి, "ఈ ఈడుల అందరికి గట్లనే ఉంటది," అని తేల్చేసింది. అత్తమ్మకైతే ఏ అనుమానమూ లేదు.

"దిష్టి. గా సన్నవడ్డవ్ సన్నవడ్డవ్ అన్న ముండలదే," అని ప్రతి శుక్రవారం ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసేది. ఆ పొగకు నేను దగ్గితే, "చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో," అనేది.

తలా ఒక మాట. చెవుల దగ్గర ఇంతమంది డాక్టర్లు ఉంటే అసలు డాక్టరు మాట ఎవరికి వినపడుతుంది?

చవితి

వినాయక చవితి ముందురోజు మా దుకాణం ముందు కాలు పెట్టే సందు ఉండదు. ఒకాయన కర్పూరం డబ్బాలు ఎక్కువ తీసుకుంటానని ధర తగ్గించమంటున్నాడు. నేను ససేమిరా అంటున్నాను. మాట మధ్యలో నా ఎడమచేతిలోంచి డబ్బా జారి కింద పడింది. తీద్దామంటే చేయి నాది కాదన్నట్టు వేలాడుతోంది. ఏదో అనబోతే నాలుక తిరగలేదు. ఎదురుగా మనుషులు కనిపిస్తున్నారు, మాటలు వినిపిస్తున్నాయి, నాలోంచి మాత్రం మాట రావడం లేదు. కాసేపటికి చేయి కదిలింది, మాటా వచ్చింది.

"ఏం గాలే. తిమ్మిరెక్కింది," అన్నాను.

మా ఆయన లెక్కల పుస్తకం మూసేశాడు. లేచి వెళ్లి షట్టర్ దించేశాడు. చవితి ముందురోజు, గిరాకీ గల్లీ మొదలు దాకా నిలబడి ఉండగా! సత్తన్న తన స్టీలు గిన్నెలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. షట్టర్ ఎందుకు దించారని ఆ తర్వాత మా ఆయనను అడిగితే, "నువ్వు బేరం నడుమ ఊకుంటవా? పెళ్లైనకాంచి సూళ్లే," అన్నాడు.

నన్ను నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాడు, దాని పేరు మనకు అనవసరం. వెయిటింగ్ హాల్లో బయట పందిళ్ల మైకులు వినబడుతుండగా కూర్చున్నాం. నన్ను చూసిన గుండె డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఎడమవైపు తిరగమంది, కూర్చోమంది, మళ్లీ విన్నది. నా వేలి మచ్చ చూసి నా చేతిని తన చేతిలో ఉంచుకుని, జ్వరం ఎప్పటినుంచి అని అడిగింది. ఇన్ని రోజుల్లో ఆ రెండింటినీ కలిపి అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఎకో తీసే అమ్మాయి భలే మాటకారి. వాళ్ల బస్తీ వినాయకుడు ఎంత ఎత్తో చెబుతూ ఛాతీ మీద జెల్లీ రాసింది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. నేను తల తిప్పి తెర చూశాను. గుండె కొట్టుకున్నప్పుడల్లా లోపల ఏదో ఎగిరి దూకుతోంది.

"గదేందమ్మా?" అని అడిగాను.

"మేడం చెప్తరు ఆంటీ," అని లేచి బయటికి వెళ్లింది. వాళ్ల వినాయకుడి ఎత్తు నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆయనను బయటికి పిలిచి మాట్లాడారు. తిరిగొచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు. "ఏం లే పద్మా. గుండెల కొంచెం నీరు చేరిందట," అన్నాడు.

సరుకు లేకున్నా రేపు వస్తుందని గిరాకీకి అబద్ధం చెప్పాల్సి వస్తే మా ఆయన చెవి తమ్మె రుద్దుకుంటాడు. అందుకే అబద్ధాల డిపార్ట్‌మెంట్ కూడా నాకే అప్పజెప్పాడు. అప్పుడు కూడా రుద్దుకుంటున్నాడు.

"చెవి ఇడ్సిపెట్టి చెప్పుండ్రి," అన్నాను.

కబురందుకుని వచ్చిన అత్తమ్మ వెనకాల నుంచి అందుకుంది. "నీరే బిడ్డా. నీరే అన్నడు డాక్టరు." ఆమెకు డాక్టరు ఆడమనిషని కూడా తెలియదు.

మా ఇంట్లో అంతే. పెద్ద జబ్బు వస్తే ఆ జబ్బున్న మనిషికి తప్ప అందరికీ చెబుతారు. మా మామగారికీ అట్లాగే దాచారు, ఆయన పోయేదాకా గ్యాస్ అనుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయ్యాక మా ఇద్దరికీ అయిన అతి పెద్ద లొల్లి ఆ ఆస్పత్రి మంచం మీదే.

"నా గుండెల ఏమున్నదో మీ ఇద్దరికి తెల్వాలె, నాకు తెల్వద్దా? రేపు నేను పోతే గప్పుడు చెప్తరా?"

మా ఆయన చెవి మీది చేయి దించేశాడు. "గా మాటనకు," అని మాత్రం అన్నాడు.

నేనే డాక్టరమ్మను పిలిపించాను. "మేడం, గుండె నాది. నాకు చెప్పుండ్రి."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది, మా ఆయననూ కూర్చోమంది. కాగితం మీద గుండె గీసి చూపింది. ఎడమవైపు పై గదిలో ఒక గడ్డ, నిమ్మకాయంత. తొడిమకు కాయ వేలాడినట్టు గోడకు వేలాడుతోంది. గుండె కొట్టినప్పుడల్లా ఊగి కవాటానికి తగులుతోంది. ఇలాంటివి ఎక్కువగా క్యాన్సర్ కావని చెప్పింది. ఒక నిట్టూర్పు వదిలేలోపు మిగతాదీ చెప్పింది.

"కానీ పద్మగారూ, దాని మీద క్రిములు చేరాయి. జ్వరం అందుకే. దాన్నుంచి చిన్న చిన్న ముక్కలు ఊడి రక్తంలో పోతున్నాయి. ఒకటి మీ వేలికి వచ్చింది. ఇవాళ ఒకటి మెదడు దాకా వెళ్లి కరిగిపోయింది, అది మీ అదృష్టం. తర్వాతది ఎక్కడికి పోతుందో, ఎంతది పోతుందో చెప్పలేను. దాన్ని తొందరగా తీసేయాలి."

నాకు భయం వేసింది. దానికి వేరే మాట లేదు. కానీ దాచినప్పుడు ఉన్న భయం కంటే తెలిశాక ఉన్న భయం మేలు. దాని ముఖం చూడొచ్చు.

"ఏ క్రిమో తెలిస్తే సరైన మందు మొదలుపెట్టొచ్చు. రక్తం పంపాం," అని డాక్టరమ్మ కలం తీసింది. "ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?"

"వాడిన."

"ఏవి?"

"టైఫాయిడ్ గోలీల చీటి ఉన్నది. గవి గాక ఒకటి తెల్లది. ఒకటి పసుపుపచ్చ గొట్టం. నడుమల ఒకటి గులాబీది."

ఆవిడ కలం పక్కన పెట్టేసింది. ఆ తర్వాత చెప్పిన మాటలు నేను మా గల్లీలో అందరికీ చెబుతూనే ఉన్నాను, మీకూ చెబుతాను. సగం సగం వేసుకున్న మందు క్రిమిని చంపదు. దెబ్బ తిన్న పాములా అది ఎక్కడో నక్కి కూర్చుంటుంది. జ్వరం తగ్గుతుంది, మనం సంబరపడతాం. రక్తంలో వెతికితే దొరకదు, డాక్టరు తికమకపడతారు. మందు ఆపగానే అది మళ్లీ లేస్తుంది. అసలు మొదటి వారమే రక్తం పరీక్షించి ఉంటే ఇంత దూరం రాకపోయేదేమో. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఏ గోలీలో తెలిస్తే కొంత దారి దొరుకుతుంది," అంది.

మా ఆయన ఖలీల్ భాయ్‌కి ఫోన్ చేశాడు. "పద్మకు ఇచ్చిన గోలీ ఏందో చూసి చెప్పు భాయ్" అన్నాడు, అంతే. మరునాడు చవితి, బజారు బంద్. పొద్దున్నే ఖలీల్ భాయ్ డబ్బా పట్టుకుని దిగాడు. వెనకే సత్తన్న డబ్బా. వాళ్ల వెనకాల పిలవకుండానే గల్లీలోని మిగతావాళ్లు, తలా ఒక డబ్బా. పద్మక్క మా దగ్గర కూడా ఎప్పుడైనా తీసుకుందేమోనని అందరికీ అనుమానం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.

"బయట మందులు లోపలికి తేవద్దు."

"మందులు కావు భాయ్," అన్నాడు ఖలీల్ భాయ్. "సబూత్. సాక్ష్యం."

డాక్టరమ్మ ట్రేలో అన్నీ పోయించింది. పండుగ పూట ఆ గది రంగోలి పిండి దుకాణంలా అయింది. తెల్లది ఏది అంటే నలుగురు నాలుగు తెల్లవి చూపించారు. సత్తన్న ఒక పెద్ద గోలీ తీసి, "ఇది గూడ మంచిదే మేడం, నొప్పులకు మేం వాడుతం," అన్నాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కుక్కలకు కడుపులో పురుగులు పోవడానికి ఇచ్చేది," అంది. సత్తన్న బావమరిదికి కుక్క ఉంది. సత్తన్న మూడు నెలలుగా మోకాళ్లకు అదే వేసుకుంటున్నాడు. మంచం మీద నేను నవ్వీ నవ్వీ ఆయాసపడితే నర్సు వచ్చి అందరినీ గదమాయించింది.

మొత్తానికి తెల్లదీ పసుపుపచ్చదీ ఒకే జాతి యాంటీబయాటిక్ అని తేలింది. గులాబీది ఉత్త కడుపుమంట గోలీ. "మీ గల్లీ మొత్తాన్ని అడ్మిట్ చేయాలి," అని డాక్టరమ్మ నవ్వింది. కానీ ఆ దారితోనే ఆవిడ మందు మార్చింది.

అందరూ వెళ్లిపోయాక ఖలీల్ భాయ్ ఒక్కడే తలుపు దగ్గర నిలబడిపోయాడు. కళ్ల నిండా నీళ్లు.

"భాభీ, నా చేతులతోని ఇచ్చిన. ఖుదా మాఫ్ కర్తా, మీరు చేస్తరా?"

"గోలీ ఇచ్చినోడివి నువ్వు, మింగినదాన్ని నేను. ఇద్దరికీ అకల్ లేదు భాయ్. ఫికర్ చేయకు. నేను లేచొచ్చినంక డబ్బా మీదనే లొల్లి పెట్టుకుందాం."

అష్టమి

ఆపరేషన్ రోజు చెప్పగానే అత్తమ్మ పంచాంగం తీసింది. "అష్టమి నాడు కోస్తరా? దశమి దాక ఆగుమనుండ్రి."

సర్జన్ కుర్రవాడే, ఓపికమంతుడు. "అమ్మా, ఆ గడ్డకు తిథులు తెలియవు," అన్నాడు. అత్తమ్మ పంచాంగం మూసి సంచిలో పెట్టేసింది. నా పెళ్లయ్యాక ఆమె ఒకరి మాటకు ఒప్పుకోవడం అదే మొదలు.

ఆ పొద్దున నా తల దువ్వి రెండు జడలు అల్లింది ఆమే. ఆపరేషన్‌కు వెళ్లే ఆడవాళ్లకు అట్లాగే అల్లాలట. బడిపిల్లలా ఉన్నానని నర్సు నవ్వింది. అత్తమ్మ జడలు బిగుతుగా లాగి కట్టింది. "ఊడిపోవద్దు గదా," అంది.

అసలు చిక్కు పుస్తెలతాడు దగ్గర వచ్చింది. ఒంటి మీద ఏమీ ఉండకూడదని నర్సు అన్నది. పుస్తెలు తీస్తే వాటి స్థానంలో పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకోవడం మా ఆచారం. అత్తమ్మ దుకాణంలోంచి కొమ్మూ దారం తెప్పించి సిద్ధంగానే పెట్టుకుంది. దారం కూడా వద్దంది నర్సు. అత్తమ్మ నర్సుతో, నర్సు అత్తమ్మతో, ఇద్దరూ గొంతులు పెంచారు. బోసి మెడతో కోడలిని లోపలికి పంపనని ఆమె భీష్మించుకుని తలుపుకు అడ్డం నిలబడింది.

అప్పుడు మా ఆయన లేచి, నర్సు చేతిలోంచి పుస్తెలతాడు తీసుకుని తన మెడలో వేసుకున్నాడు. చొక్కా గుండీ పెట్టేసుకున్నాడు.

"మగోడి మెడల పుస్తెలేందిరా!" అంది అత్తమ్మ.

"ఇద్దరిలో ఒకరి మెడల ఉంటే సాలదా?" అన్నాడు.

అత్తమ్మ తలుపు దగ్గరి నుంచి పక్కకు జరిగింది. స్ట్రెచర్ కదిలింది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడం దేనికని పైకి అన్నాను గానీ, లైట్లు ఒక్కొక్కటే తల మీదుగా వెళ్తుంటే చిన్నపిల్లలా అమ్మా అమ్మా అనుకుంటూనే పోయాను. లోపల మత్తు డాక్టరు ఏం వ్యాపారం అని అడిగాడు. కర్పూరం ధర చెబుతుండగా నిద్రపోయాను.

బయట ఏమైందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఖలీల్ భాయ్ ఒక మూల చాప వేసుకుని నమాజు చేశాడు. సత్తన్న అందరికీ ఇడ్లీలు తెచ్చాడు, ఎవరూ తినకపోతే అన్నీ తానే తిన్నాడు. కంగారైతే ఆయనకు ఆకలెక్కువ. మా ఆయన ఒక్క కుర్చీలోంచి లేవలేదట, చొక్కా మీద చేయి తీయలేదట.

భాద్రపదం నుంచి ఆశ్వయుజం

కళ్లు తెరిచేసరికి గొంతులో గొట్టం. నొప్పి సరే, మాట్లాడలేకపోవడమే పెద్ద శిక్ష. మా ఆయనను కాసేపు లోపలికి రానిచ్చారు. దుకాణం ఎట్లుందని చేతితో సైగ చేశాను. "మస్తు గిరాకి," అన్నాడు చెవి రుద్దుకుంటూ. షట్టర్ ఇంకా ఎత్తనేలేదని అర్థమై, తిట్టడానికి నోరు లేక కళ్లతోనే తిట్టాను. ఆయన నా చేయి పట్టుకుని, మొదటిసారి చూసినట్టు చూశాడు.

గొట్టం తీశాక దగ్గు నేర్పారు. దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. లేకపోతే ఎముక విడిపోతుందేమోనన్నంత నొప్పి. కేరళ నుంచి వచ్చిన ఒక నర్సమ్మ నేను దగ్గినప్పుడల్లా తానూ తన చేతులు గుండెకు అదుముకునేది. ఎందుకని అడిగితే సిగ్గుపడింది. ఆ అమ్మాయి డ్యూటీలో ఉన్నప్పుడు నొప్పి సగమే ఉండేది.

గడ్డ ఎట్లుందో చూడాలని సర్జన్‌ని వేధించాను. ఫోన్‌లో ఫోటో చూపించాడు. పాడైన రసగుల్లాలా ఉంది. ఇంత చేసింది ఇదా అనిపించింది. రసగుల్లా మాత్రం ఆ రోజుతో బంద్.

రక్తంలో దొరకని క్రిమి ఆ గడ్డలో దొరికింది. ల్యాబ్ దాని పేరు చెప్పింది, డాక్టరమ్మ దానికి తగిన మందు చెప్పింది. నరంలోకి ఇంజెక్షన్లు, ఆరు వారాలు.

"రెండు వారాలు చేస్కుందాం మేడం," అన్నాను.

"ఆరు."

"సరే, మీ మాట నా మాట కాకుంట, మూడు."

"పద్మగారూ, ఇది కర్పూరం కాదు," అంది. జీవితంలో నేను ఓడిపోయిన బేరం అదొక్కటే. సగం మందు సంగతి నాకు తెలిసిందే కాబట్టి ఓడిపోవడమే మంచిదనుకున్నాను.

అన్నీ సాఫీగా సాగాయని చెప్పను. ఒక సాయంత్రం మళ్లీ వణుకు వచ్చింది. థర్మామీటర్ చూసిన నర్సు ముఖం మారింది. క్రిమి కవాటానికి పట్టిందేమోనని మళ్లీ రక్తాలు, మళ్లీ ఎకో. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. అత్తమ్మ దిష్టి తీయలేదు, తిట్టలేదు, గోడకు ఆనుకుని కూర్చుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను లేకపోతే ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటారని ఏడుపు వచ్చింది. రెండు రోజులకు తెలిసింది, సూది పెట్టిన చోట నరం వాచి వచ్చిన జ్వరమట. సూది మార్చారు, జ్వరం పోయింది. అత్తమ్మ వెంటనే, "గా సూది సక్కగ పెట్టరాదూ?" అని నర్సు మీద ఎగిరింది. నా ప్రాణం కుదుటపడింది.

బతుకమ్మ పండుగకు వార్డులోకి పూలు రానివ్వరు. నర్సులు పోర్టికోలో పేర్చుకున్నారు. చేతికి సూదితోనే నన్నూ తీసుకెళ్లారు. వంగి చప్పట్లు కొట్టడానికి ఎముక ఒప్పుకోదు కాబట్టి కుర్చీలో కూర్చుని, తంగేడు ఎట్లా పేర్చాలో, పసుపు గౌరమ్మను ఎట్లా చేయాలో అజమాయిషీ చేశాను. కేరళ నర్సమ్మ అందరికంటే బాగా ఆడింది. ఆడలేకపోయినా ఆ ఏడాది బతుకమ్మ నాకు ఎక్కువ ఆడినట్టే ఉంది.

దీపావళికి ఇల్లు చేరాను. కొన్నాళ్లకు గల్లీకి వెళితే గోలీల డబ్బాల్లో ఖర్జూరాలున్నాయి. ఖలీల్ భాయ్ తన ఖర్చుతో అందరివీ నింపాడట. ఎవరైనా జ్వరమంటే సత్తన్న, "ముందుగాల రక్తం చూపించుకో, మా పద్మ లెక్క కాకు," అంటున్నాడు. నేను నలుగురికి పనికొస్తున్నాను, చెడ్డ ఉదాహరణగానైనా సరే. మీక్కూడా అదే మాట. తగ్గి తగ్గి తిరిగొచ్చే జ్వరాన్ని మర్యాదకు వదిలేయకండి. డాక్టరు ఇచ్చిన మందు మధ్యలో ఆపకండి. ఇంట్లో జబ్బు మనిషి దగ్గర జబ్బును దాచకండి.

కార్తీకం

చివరి పరీక్షకు మా ఆయనా నేనూ వెళ్లాం. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది. గడ్డ లేదు. కవాటం తలుపులా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. రక్తంలో క్రిమి ఆనవాలు లేదు. "ఇక ఏడాదికోసారి రండి చాలు," అంది.

నేను చాలాసేపు మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. మా ఆయన మాత్రం "నమస్తే మేడం," అని, నా ఫైలు చంకలో పెట్టుకుని లిఫ్ట్ దాకా నడిచాడు.

లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి. మూసుకున్నదే తడవుగా ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకునే ఏడుపు కాదు. గోడకు తల ఆనించి, భుజాలు అదురుతుండగా, గొంతెత్తి, ఆషాఢం నుంచి దాచుకున్నదంతా. నేనాయన వీపు మీద చేయి వేసి నిలబడ్డాను. ఆపమనలేదు.

స్టూలు మీద కూర్చున్న లిఫ్ట్ ఆయన గాభరాగా లేచాడు. పెద్దాయన. ఇట్లాంటివి రోజూ చూసేవాడే. గొంతు తగ్గించి నన్ను అడిగాడు.

"పేషెంటు మీకేమైతరమ్మా? ఎప్పుడు పోయిన్రు?"

"ఎవ్వరు పోలే భయ్యా," అన్నాను. "పేషెంటును నేనే. ఇంటికి తీస్కపోతుండు."